న్యూ లానార్కు యజమాని: రాబర్టు ఓవెన్

జీతము చెల్లించి పనిని కొనవచ్చును; పనిమీద మనస్సును కొనుటకు ఏ అంగడియు లేదు. ఈ సంగతి కాపుదనము చేయువానికి తెలియును, కమ్మరికొలిమి నడుపువానికి తెలియును. కాని పదునెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో పెద్దపెద్ద నూలుమిల్లులు వెలసినప్పుడు వాని యజమానులు దీనిని మఱచిరి. జరిమానా, బెత్తము, ఆకలిభయము: ఈ మూడింటితో మిల్లు నడచునని వారు నమ్మిరి. ఆ నమ్మిక తప్పని వాదించి ఊరకుండక, ఒక మిల్లును పాతికేండ్లు తానే నడపి, లాభనష్టముల పద్దులతో సహా లోకమునకు చూపినవాడు రాబర్టు ఓవెన్.

ఆయన చరిత్రలో ఒక విశేషము కలదు. ఒకచోట పనివారి నమ్మకమును ఆఱేండ్లు ఓపికపట్టి సంపాదించెను. మఱియొకచోట అట్టి నమ్మకము ముందుగనే సిద్ధముగా ఉన్నదని తలచి తన ఆస్తిలో అధికభాగమును పోగొట్టుకొనెను. గెలిచినవాడును ఓడినవాడును ఒక్కడే గనుక, ఆ గెలుపునకు కారణమేదియో ఆ ఓటమివలన మఱింత స్పష్టముగా తెలియుచున్నది.

బట్టలకొట్టులో బాల్యము

ఓవెన్ 1771వ సంవత్సరము మే 14వ తేదీన వేల్సు దేశమందలి న్యూటౌను అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి గుఱ్ఱపుజీనులు కుట్టుచు, ఇనుపసామాను అమ్ముచు, ఆ ఊరి తపాలాపని కూడ చూచుచుండెడివాడు. ఏడుగురు బిడ్డలలో ఓవెన్ ఆఱవవాడు. ఏడేండ్ల వయస్సుననే బడిలో పంతులుగారికి సాయముగా చిన్నపిల్లలకు చదువు చెప్పువాడు. పదియవ ఏట ఇల్లు విడిచి లండనులో ఉన్న అన్నగారి యొద్దకు వెళ్ళెను. అక్కడినుండి లింకన్‌షైరులోని స్టాంఫర్డు పట్టణమున మెగ్గఫాగు అను బట్టలవర్తకుని కొట్టులో పని నేర్చుకొనుటకు చేరెను. ఒప్పందము మూడేండ్లు. మొదటియేడు జీతము లేదు. రెండవయేడు 8 పౌనులు. మూడవయేడు 10 పౌనులు.

మెగ్గఫాగు ధర్మముగా వ్యాపారము చేయువాడు. నాసిరకపు సరుకును మేలురకమని అమ్ముట ఆయనకు తెలియదు. కుఱ్ఱవానిని తన ఇంటనే ఉంచుకొని బిడ్డవలె చూచెను. తీరిక దొరకినప్పుడు ఓవెన్ ఆ ఇంటి పుస్తకములన్నియు చదివెను. ఏ బట్ట ఏ నూలుతో నేయబడినదో చేతితో తాకి చెప్పగలిగిన నేర్పు ఆయనకు అక్కడనే అబ్బెను.

తరువాత లండను వంతెనమీదనున్న ఒక పెద్ద బట్టలకొట్టులో 25 పౌనుల జీతమునకు చేరెను. అది మఱియొక ప్రపంచము. వ్యాపారము ముమ్మరముగా సాగు వసంతకాలములో గిరాకీదారులు వెళ్ళిపోయిన పిదప చెదరిన సరుకును సర్దునప్పటికి రాత్రి రెండుగంటలు దాటెడిది. మెట్లెక్కి పడకకు చేరుకొనుటకు కూడ ఓపిక యుండెడిది కాదు. అట్టి శ్రమ దేహమును ఏమి చేయునో, బుద్ధినెట్లు మొద్దుబార్చునో ఓవెన్ అనుభవమున తెలిసికొనెను. ఆ కొట్టు మాని మాంచెస్టరు చేరెను. పిమ్మట యజమాని యైనప్పుడును గుమాస్తాగా గడపిన ఆ రాత్రులను ఆయన మఱవలేదు.

పత్రము కాల్చిన మేనేజరు

ఆనాడు మాంచెస్టరు ప్రత్తినగరముగా పెరుగుచుండెను. ఓవెన్ అన్నగారి యొద్ద 100 పౌనులు అప్పు తెచ్చి, జోన్సు అను పనివానితో కలసి నూలు వడకు యంత్రములు చేయించెను. ఆ పొత్తు ఎంతోకాలము సాగలేదు. విడిపోయినప్పుడు తన వాటాకు వచ్చిన మూడు యంత్రములతోనే నూలు వడికించి ఏడాదికి 300 పౌనులు ఆర్జింపజొచ్చెను.

ఇంతలో డ్రింక్‌వాటరు అను ధనికుడు తన మిల్లునకు మేనేజరు కావలెనని ప్రకటించెను. ఇరువదియేండ్ల ఓవెన్ వెళ్ళి 300 పౌనుల జీతమడిగెను. అంత చిన్నవాడు అంత పెద్ద జీతమడుగుట చూచి డ్రింక్‌వాటరు ఆశ్చర్యపడినను, అతడు చూపిన పద్దులు పరిశీలించి ఉద్యోగమిచ్చెను. ఆ మిల్లులో స్త్రీలు, పురుషులు, పిల్లలు కలసి 500 మంది పనిచేయుచుండిరి. వారిలో పలువురు మేనేజరుకంటె వయస్సున పెద్దలు. యంత్రములన్నియు ఆయనకు క్రొత్తవి. ఓవెన్ చేసిన పని యేమనగా, ఆఱువారములపాటు ఎవ్వరికిని ఏ ఆజ్ఞయు ఈయలేదు. ఉదయమున అందఱికంటె ముందు వచ్చి, రాత్రి అందఱికంటె వెనుక వెళ్ళుచు, ప్రతిపనిని శ్రద్ధగా చూచెను. ఆఱువారములు గడచిన పిదప ఆయన చెప్పిన మాటకు ఎదురు లేకపోయెను. మిల్లు నూలునకు పేరు వచ్చెను, ధర పెరిగెను.

సంతోషించిన డ్రింక్‌వాటరు జీతము పెంచుటయేగాక, నాల్గవయేట మిల్లులో వాటా కూడ ఇత్తునని పత్రము వ్రాసియిచ్చెను. కాని కొలదికాలమునకు, ఆ ఇంటికి అల్లుడు కానున్న ఒక పెద్దవర్తకుడు, ఈ వ్యాపారమున పరాయివానికి వాటా ఉండరాదనెను. యజమాని ఓవెన్‌ను పిలిపించి, ఎంత జీతమైనను కోరుకొమ్మని, వాటా మాత్రము వదలుకొమ్మని అడిగెను. ఓవెన్ ఆ పత్రమును జేబులోనుండి తీసి అక్కడనే నిప్పులో వేసెను. ఇకమీదట మేనేజరుగా ఉండజాలనని తెలిపి సెలవు పుచ్చుకొనెను. జీతము తగ్గలేదు, గౌరవము తగ్గలేదు. ఇచ్చినమాట ఒకటి తగ్గినది. మంచి పనివాడు వెళ్ళిపోవుటకు అది చాలినది. తన క్రిందివారి విషయమున తాను ఎట్లుండవలెనో తెలిసికొనుటకు ఓవెన్‌కు ఇంతకు మించిన పాఠము అవసరము లేకపోయెను.

న్యూ లానార్కు

స్కాట్లండులో క్లైడు నది జలపాతములై దుముకుచోట, ఆ నీటిబలముతో యంత్రములు త్రిప్పుటకు డేవిడ్ డేలు అను గ్లాస్గో వర్తకుడు 1785లో న్యూ లానార్కు మిల్లులకు పునాది వేసెను. ఓవెన్ వర్తకపు పనులపై గ్లాస్గో వచ్చిపోవుచు డేలుగారి కుమార్తె కారొలైన్‌తో పరిచయము పొందెను. 1799లో ఓవెనును, ఆయన మాంచెస్టరు భాగస్థులును ఆ మిల్లులను 60,000 పౌనులకు కొనిరి. సొమ్ము 20 ఏండ్లలో వాయిదాలుగా చెల్లించుట ఒప్పందము. ఆ ఏడే సెప్టెంబరు 30వ తేదీన ఓవెన్, కారొలైన్‌ల వివాహము జరిగెను. 1800 జనవరి మొదటితేదీన ఓవెన్ మిల్లుల యాజమాన్యము చేపట్టెను.

డేలు దయాళువు. కాని గ్లాస్గోలో ఇతరవ్యాపారములలో మునిగియుండి మిల్లులకు అరుదుగా వచ్చెడివాడు. ఊరి జనాభా ఇంచుమించు 2,000. అందులో సుమారు 500 మంది ఎడింబరో, గ్లాస్గోల అనాథశాలలనుండి తెచ్చిన పిల్లలు. వారికి తిండి, బట్ట, పడక శుభ్రముగానే అమర్చబడెను. రాత్రిబడి కూడ ఉండెను. అయినను ఉదయము ఆఱుగంటలనుండి సాయంకాలము ఏడుగంటలవఱకు యంత్రముల యొద్ద నిలిచిన పిల్లవానికి పలకమీది అక్షరము కనబడునా? పెద్దల స్థితి యిట్లుండెను: పని దొరకక వచ్చినవారే గాని కోరివచ్చినవారు తక్కువ. త్రాగుడు, కొట్లాటలు మిక్కుటము. మిల్లు సరుకును దొంగిలించుట అందఱికి తెలిసిన రహస్యము.

అట్టిచోటికి ఓవెన్ వచ్చెను. ఆయన స్కాట్లండువాడు కాడు, ఆయన యాస వారికి పరాయిది, మతవిశ్వాసములు వేఱు. పాతయజమాని చేతినుండి తమ్ము గొడ్లవలె కొన్నాడని వారు భావించిరి. యంత్రములను మార్చినను, పనిపద్ధతిని సవరించినను, ఇవియన్నియు తమనుండి మఱికొంత పని పిండుటకే యని తలచిరి. వారి అనుమానము అన్యాయమని చెప్పుటకు వీలులేదు. అంతకుముందు ఏ యజమానియు వారికి వేఱువిధముగా తలచుటకు కారణము చూపలేదు. ఆఱేండ్లపాటు ఓవెన్ ఏది తలపెట్టినను వారు మెల్లగా, మాటాడక, పట్టుదలతో అడ్డుపడిరి.

ఆయన ఎవ్వరిని న్యాయస్థానమునకు ఈడ్వలేదు. దొంగతనమునకు శిక్షలు పెంచుటకు మాఱుగా, సరుకు ఒక చేయి నుండి మఱియొక చేయికి మాఱునప్పుడెల్ల లెక్క వ్రాయించెను. నష్టము ఎక్కడ వచ్చెనో వెంటనే తెలియునట్లు చేసెను. దొంగిలించుట కష్టమైనంతనే దొంగలు తగ్గిరి. ఊరిలో కొట్లవారు కల్తీసరుకును అప్పుమీద హెచ్చువెలకు అమ్ముచుండుట చూచి, మిల్లు పక్షమున ఒక అంగడి తెరచెను. మేలిసరుకును టోకున కొని స్వల్పలాభమునకు అమ్మించెను. ఆ లాభమును కూడ ఊరిబడికే వినియోగించెను. ఇండ్లకు రెండవగది కట్టించెను. వీథుల చెత్త తీయించెను. అనాథశాలలనుండి పసిపిల్లలను తెచ్చుట మాన్పించి, పదియేండ్లలోపు పిల్లలను పనిలో చేర్పరాదని నియమము చేసెను. పనివారు తమ జీతములో అఱువదవవంతు ఇచ్చి నడపుకొను నిధినుండి రోగులకు, వృద్ధులకు సాయము అందుచుండెను.

మౌనసాక్షి

ఓవెన్ పెట్టిన పద్ధతులలో అందఱికంటెను విచిత్రమైనది ఒక చిన్న కొయ్యముక్క. దానికి నాలుగు ముఖములు. ఒకటి నలుపు, ఒకటి నీలము, ఒకటి పసుపు, ఒకటి తెలుపు. ప్రతి పనివాని యొద్దను ఒకటి వ్రేలాడుచుండెను. క్రిందటిదినము వాని నడవడి చెడ్డదైన నలుపు, సామాన్యమైన నీలము, మంచిదైన పసుపు, మిక్కిలి మంచిదైన తెలుపు ముందునకు త్రిప్పబడెడిది. ఆ రంగులు ప్రతిదినమును ఒక పుస్తకములో ఎక్కించుచుండిరి. మేస్త్రీ తనకు అన్యాయముగా రంగు వేసెనని తోచిన పనివాడు సరాసరి ఓవెన్ యొద్దకు వెళ్ళి చెప్పుకొనవచ్చును. ఆయన మిల్లులో నడచిపోవుచు మొదట కొయ్యను, తరువాత మనిషి ముఖమును చూచెడివాడు. ఒక్కమాటయు అనెడివాడు కాడు. తిట్టు లేదు, జరిమానా లేదు. మొదట నలుపులు విస్తారముగా ఉండెనట. ఏండ్లు గడచినకొలది నలుపు నీలమై, నీలము పసుపై, కొన్ని తెలుపు కూడ అయ్యెను.

ఈ పద్ధతిని నేడు చదువువారికి కొంత అసహ్యము తోచవచ్చును. మనిషి మంచిచెడ్డలను నలుగురిలో రంగువేసి వ్రేలాడదీయుట గౌరవమా యని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ప్రక్కమిల్లులలో ఆ కొయ్యముక్క స్థానమున తోలుపట్టె ఉండెనని కూడ మఱవరాదు.

నాలుగు నెలల జీతము

ఇన్ని చేసినను పనివారి అనుమానము పూర్తిగా తీరలేదు. మేలుచేయు యజమానికి మేలువలన లాభమున్నప్పుడు, ఆ మేలు ఎంతవఱకు నిజమో పనివానికి తెలియుట యెట్లు? లాభము పోయి నష్టము వచ్చిననాడే అది తేలవలెను. అట్టిదినము వచ్చెను.

అమెరికాకును బ్రిటనుకును వైరము ముదిరి, అమెరికా ప్రత్తి ఓడలలోనికి ఎక్కుట నిలిచిపోయెను. ఇది 1806లో జరిగెనని ఓవెన్ తన స్వీయచరిత్రలో వ్రాసినాడు. అమెరికా ప్రభుత్వపు నౌకానిషేధపు చట్టము 1807 డిసెంబరు నాటిది. ప్రత్తిధర ఒక్కసారిగా ఆకాశమునకంటెను. ఆ ధరకు కొని నూలు వడకుట నష్టదాయకము. యజమానులకు మూడు దారులు కనబడెను. నష్టమునకు వడకించుట ఒకటి. తక్కువదినములు నడపి తక్కువకూలి ఇచ్చుట రెండవది. మిల్లు మూసి పనివారిని పంపివేయుట మూడవది. చాలమంది మూడవదారినే పట్టిరి.

ఓవెన్ యంత్రములను ఆపెను. మనుష్యులను మాత్రము ఆపలేదు. నాలుగు నెలలపాటు వారిచేత యంత్రములను తుడిపించి, నూనెపెట్టించి, మంచిస్థితిలో ఉంచుచు, ప్రతివానికి పూర్తిజీతము చెల్లించెను. ఒక్క పెన్నీయు తగ్గించలేదు. ఆ నాలుగునెలలకు 7,000 పౌనులకు మించి ఖర్చయ్యెను. అమ్ముటకు ఒక్క కండె నూలు లేని కాలములో ఇంతసొమ్ము బయటికి పోయెను.

ఆ నాలుగునెలలలో ఆఱేండ్లుగా కాని పని యైనది. ఈతడు తమ పనికే గాక తమ బ్రతుకునకును పూచీపడినాడని వారు గ్రహించిరి. అప్పటినుండి ఆయన తలపెట్టిన మార్పులకు ఎదురు లేకుండెను. క్రొత్తపద్ధతులు వారు తామై నేర్చుకొనిరి. న్యూ లానార్కు నూలునకు సన్నదనమందు, సమత్వమందు బజారులో పేరు హెచ్చెను. దానధర్మములతో మిల్లు మునుగునని జోస్యము చెప్పినవారికి పద్దులే జవాబు చెప్పెను. మొదటి పదియేండ్లకు పెట్టుబడిపై నూటికి అయిదు వడ్డీ తీసివేసిన పిదప 60,000 పౌనులు లాభము మిగిలెనని ఓవెన్ లెక్క చూపెను.

వేలపుపాట

అయినను భాగస్థులకు తృప్తి లేదు. ఓవెన్ బడి కట్టుదునన్నప్పుడెల్ల, ఆ సొమ్ము తమ లాభములోనుండి పోవునని వారు అభ్యంతరము చెప్పిరి. 1809లో మొదటి భాగస్థులు తప్పుకొనగా ఆస్తి విలువ 84,000 పౌనులుగా కట్టబడి క్రొత్తవారు చేరిరి. వారును ఆ త్రోవనే త్రొక్కిరి. ఓవెన్ మేనేజరుపదవిని వదలవలసి వచ్చెను. 1813 చివర ఆస్తిని గ్లాస్గోలో వేలమునకు పెట్టిరి. ఓవెన్ చేతిలో డబ్బు లేదని, మిల్లులు చవుకగా తమకు దక్కునని వారి తలపు. వేఱెవరును పాటకు రాకుండుటకై ఆ ఆస్తికి 40,000 పౌనులకంటె విలువ లేదని ప్రచారము కూడ చేసిరి.

ఓవెన్ ఆ యేడు లండనులో ఊరకుండలేదు. మానవుని శీలము అతడు పుట్టిపెరిగిన పరిస్థితులవలన ఏర్పడునను తన సిద్ధాంతమును వివరించుచు సమాజముపై వ్యాసములు ప్రకటించుచుండెను. దానితోబాటు క్రొత్త భాగస్థులను వెదకెను. ప్రసిద్ధ తత్త్వవేత్త జెరెమీ బెంథాం, క్వేకరు మతస్థుడును దానశీలియు నైన విలియం ఆలెన్ మొదలగు ఆఱుగురు దొరకిరి. పెట్టుబడికి నూటికి అయిదు మాత్రమే తీసికొని, మిగిలిన లాభమును పిల్లల చదువునకు, పనివారి సౌకర్యమునకు వినియోగింతుమని వారు ఒప్పుకొనిరి.

వేలము దినమున ఓవెన్ తన న్యాయవాదికి ఒక్కటే చెప్పెను: ఎదుటివారు ఎంత పాడినను దానిపై 100 పౌనులు ఎక్కువ పాడవలెను. పాట 40,000 దాటెను, 84,000 దాటెను, లక్ష దాటెను. ప్రతిపక్షులు 1,14,000 దగ్గఱ ఆగిరి. 1,14,100 పౌనులకు న్యూ లానార్కు ఓవెన్ పరమయ్యెను.

ఆ వార్త అందినంతనే ఊరిలో దీపములు వెలిగించిరి. ఓవెన్ బండి లానార్కు సమీపించినప్పుడు జనులు ఎదురేగి, ఆయన వలదని వారించుచున్నను గుఱ్ఱములను విప్పి, తామే త్రాళ్ళుపట్టి బండిని లాగుకొనిపోయిరి. తమ్ము కొన్నవాడని పదునాలుగేండ్లక్రిందట అనుమానించినవారే, ఈతడు తమ్ము మరల కొన్నందుకు ఇప్పుడు పండుగ చేసికొనిరి.

చదువుల మందిరము

1816 జనవరి మొదటితేదీన ఓవెన్ చిరకాలముగా కోరిన విద్యామందిరమును తెరచెను. నడక నేర్చిన పసివారికి కూడ అందులో చోటుండెను. బిడ్డను కొట్టరాదు, కఠినముగా మాటాడరాదు, ముఖము చిట్లింపరాదు. ఇవి ఉపాధ్యాయులకు ఆయన ఇచ్చిన మొదటి నియమములు. పసిపిల్లల బడికి పెద్ద పండితులను పిలువక, ఓపికగల జేమ్సు బుకానన్ అను సాలెవానిని, మిల్లులో పనిచేయు పదునేడేండ్ల మోలీ యంగ్ అను బాలికను ఎంచెను. గోడలమీద జంతువుల చిత్రములు, దేశపటములు, ఆటలు, పాటలు, నృత్యము అక్కడి పాఠములు. సాయంకాలములలో పెద్దలకు చదువు, ఉపన్యాసములు ఏర్పాటయ్యెను. ఆ యేటనే పనివేళను భోజనవిరామముతో కలిపి 12 గంటలకు, అనగా నికరముగా పదిముక్కాలు గంటలకు తగ్గించెను.

ఈ వింత చూచుటకు జనులు వెల్లువగా వచ్చిరి. 1815 మొదలు పదియేండ్లలో దాదాపు 20,000 మంది సందర్శకులు వచ్చిరి. వారిలో తరువాత రష్యా చక్రవర్తి యైన నికొలస్ కూడ ఒకడు.

మెచ్చనివారును గలరు. 1819లో వచ్చిన ఆస్థానకవి రాబర్టు సదే, అంతయు చూచి, ఇది దయగల యజమాని నడపు తోటవంటిదే యని, ఇక్కడి మనుష్యులు ఆయన చేతిలో మీట నొక్కిన కదలు యంత్రములవలె నున్నారని విమర్శించెను. ఆ విమర్శలో సత్యాంశము లేకపోలేదు. న్యూ లానార్కులో అన్నియు పనివారి కొఱకు జరిగెను. వారి నిర్ణయమున జరిగినవి తక్కువ. ఒక్క మంచివానిపై ఆధారపడిన ఏర్పాటు ఆ మంచివాడు లేనినాడు ఏమగునను ప్రశ్నకు అక్కడ జవాబు లేకుండెను.

ఆ ప్రశ్న ఓవెన్‌కు తెలియనిది కాదు. అందుచేతనే మంచితనమును చట్టముగా చేయవలెనని 1815నుండి పోరాడెను. పదియేండ్లలోపు పిల్లలను ఏ మిల్లులోను పెట్టరాదని, పదునెనిమిదేండ్లలోపువారికి పదిన్నర గంటలకు మించి పని ఉండరాదని, తనిఖీకి జీతగాండ్రైన అధికారులను నియమింపవలెనని ఆయన కోరెను. నాలుగేండ్లు నలిగి 1819లో వెలువడిన చట్టము ప్రత్తిమిల్లులకు మాత్రమే వర్తించెను. వయస్సు తొమ్మిదికి దిగెను. పదునాఱేండ్లలోపువారి పనివేళ పన్నెండుగంటలకు ఎక్కెను. తనిఖీ అధికారుల ఊసే లేదు. ఓవెన్ నిరాశ చెందెను. అట్టి అధికారులు 1833 చట్టముతో గాని రాలేదు.

న్యూ హార్మొనీ

మతములన్నియు మానవుని పొరపాటుత్రోవ పట్టించినవని 1817లో లండను సభలో ప్రకటించుటతో పెద్దలలో పలువురు ఆయనకు దూరమైరి. బడిలో సంగీతనృత్యములు, మతబోధలేమి భక్తిపరుడైన విలియం ఆలెన్‌కు నచ్చలేదు. 1824నాటికి బడిపై ఓవెన్ పట్టు సడలెను. ఆయన చూపు అట్లాంటికు మహాసముద్రమునకు ఆవల నిలిచెను.

అమెరికాలో ఇండియానా రాష్ట్రమున, వాబాషు నదియొడ్డున, జర్మను మతసంఘమువారు కట్టిన హార్మొనీ అను ఊరు, ఇండ్లు, తోటలు, సుమారు 20,000 ఎకరముల భూమితో అమ్మకమునకు వచ్చెను. 1825లో ఓవెన్ దానిని కొని న్యూ హార్మొనీ యని పేరుపెట్టెను. వాషింగ్టనులో శాసనసభ్యుల యెదుట రెండు ఉపన్యాసములిచ్చి, సమానత్వముతో జీవింపగోరు వారందఱును రావచ్చునని ఆహ్వానించెను. కొలదినెలలలో 800 మందికి పైగా వచ్చిరి. ఆదర్శవాదులు వచ్చిరి, పండితులు వచ్చిరి. ఊరక తిండి దొరకునని సోమరులును వచ్చిరి. వ్యవసాయము తెలిసినవారు, చేతిపనులు నేర్చినవారు చాలినంతమంది లేరు. నేతపని యంత్రములు, కుండలచక్రములు త్రిప్పువారు లేక పడియుండెను.

ఓవెన్ సంఘమును స్థాపించి కొలదివారములు మాత్రమే అక్కడ నిలిచెను. జూన్ నెలలో బయలుదేరి బ్రిటను పోయి, మరల 1826 జనవరిలో గాని తిరిగిరాలేదు. ఆయన లేని ఆ నెలలలో ఎవరి పని యేదియో, లెక్క ఎవరు చూతురో, మాట ఎవరిది చెల్లునో తేలలేదు. వచ్చినంతనే పూర్తిసమానత్వమును ప్రకటించెను. నిబంధనావళులు ఒకదానివెంట ఒకటి మాఱెను. సంఘము చీలి చీలికలాయెను. 1827లో ప్రయత్నము ముగిసెను. ఓవెన్ ఆస్తిలో అయిదింట నాలుగు వంతులు, సుమారు 40,000 పౌనులు, అందులో కరగిపోయెను.

మాంచెస్టరులో ఆఱువారములు మౌనముగా చూచినవాడు, న్యూ లానార్కులో ఆఱేండ్లు ఓర్చుకొన్నవాడు, ఇక్కడ ఆఱునెలలు కూడ ఆగలేదు. అక్కడ పనివారు మొదట ఆయన చేతలను చూచి, తరువాత ఆయన మాటలను నమ్మిరి. ఇక్కడ జనులు మొదట మాటలను నమ్మి వచ్చి, తరువాత చేతలకై వెదకిరి. అక్కడ ప్రతిదినము మిల్లులో ఆయన అడుగుల చప్పుడు వినబడెను. ఇక్కడ ఆయన పేరు మాత్రము వినబడెను.

చివరిదినములు

న్యూ లానార్కుతో మిగిలిన సంబంధమును ఓవెన్ 1828లో వదలుకొనెను. 1831లో కారొలైన్ మరణించెను. కుమారులు అమెరికాలో స్థిరపడిరి. వారిలో రాబర్టు డేల్ ఓవెన్ అమెరికా శాసనసభ్యుడై స్మిత్‌సోనియన్ సంస్థ స్థాపనకు తోడ్పడెను. తండ్రి మాత్రము లండనులో సామాన్యజీవనము సాగించుచు కార్మికుల నడుమనే మెలగెను. పనిచేసిన గంటలను బట్టి సరుకులను మార్చుకొను సంతను 1832లో నెలకొల్పెను. అది 1834లో మూతపడెను. ఆ 1834లోనే దేశములోని కార్మికసంఘములన్నిటిని ఒక్కటి చేయు ప్రయత్నమునకు నాయకుడయ్యెను. సంఘముగా చేరి ప్రమాణము చేసినందుకు ద్వీపాంతరశిక్ష పొందిన టాల్‌పడిల్ గ్రామపు వ్యవసాయకూలీల పక్షమున లండనులో జరిగిన గొప్ప ఊరేగింపులో ఆయన నడచెను. ఆ మహాసంఘము ఏడాది నిలువలేదు.

అయినను ఆయన చల్లిన విత్తనమొకటి ఆయన చేయి పడనిచోట మొలచెను. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున కొందఱు నేతగాండ్రును ఇతర పనివారును చిన్నచిన్న మొత్తములు కూడబెట్టి ఒక అంగడి తెరచిరి. కల్తీలేని సరుకు, సరియైన తూకము, లాభము కొనుగోలుదారులకే పంపకము: ఇవి వారి నియమములు. వారిలో పలువురు ఓవెన్ బోధ విన్నవారు. న్యూ లానార్కు అంగడిని యజమాని నడపెను. ఈ అంగడిని పనివారే నడపిరి. సదే చూపిన లోపమునకు సమాధానము ఈ విధముగా దొరకెను. నేడు ప్రపంచమంతట వ్యాపించిన సహకారోద్యమము రాచ్‌డేల్‌నే తన పుట్టినిల్లుగా చెప్పుకొనును.

1858 శరత్కాలమున ఎనుబదియేడేండ్ల ఓవెన్ లివర్‌పూలు సభలో ప్రసంగించుటకు వెళ్ళి వేదికపైనే సొమ్మసిల్లెను. కొంత కోలుకొనగానే తన్ను స్వగ్రామమునకు చేర్చుమని కోరెను. నవంబరు 17వ తేదీన న్యూటౌనులో, తాను పుట్టిన ఇంటికి సమీపముననే ప్రాణము విడిచెను. పాతచర్చి ఆవరణలో తల్లిదండ్రుల ప్రక్కనే ఆయన సమాధి కలదు.

న్యూ లానార్కు మిల్లులు ఆయన తరువాతను చాలకాలము నూలు వడికి 1968లో మూతపడెను. కూలిపోనున్న ఆ ఊరిని స్థానికులు నిలబెట్టుకొనగా, 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించెను. ఆ మిల్లుల రాళ్ళు చూడవచ్చిన వారికి గైడులు చూపునవి బడియు, అంగడియు, రంగుల కొయ్యముక్కయు. చూపుటకు వీలులేనిది మఱియొకటి కలదు: యంత్రములు ఆగియున్న నాలుగునెలలలో ప్రతి జీతపుదినమునను తప్పక చెల్లించిన కూలి. పనివారు ఆయన బండిని లాగినది ఆ ఋణము తీర్చుకొనుటకే.